బల్ల మీద పదకొండు రోబోలు

చేతిలో బైబిలు వాక్యం ఉంటే చాలు, ఎదుటివాడి మనసు చదివేసినట్టేనని మీరెప్పుడైనా అనుకున్నారా? ఈ రోజు నేను అనుకున్నాను.

శింగనమల దగ్గర మా ప్రార్థన మందిరంలో ఏడాది చివరి సాక్ష్యాల కూటం జరిగింది. ఈ ఏడాది దేవుడు చేసిన మేలేమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. లారీ డ్రైవర్ ఓబులేసు లేచి, సంచిలోంచి పదకొండు రోబో బొమ్మలు తీసి బల్ల మీద నిలబెట్టాడు. మడిస్తే కార్లు, లారీలు అయ్యే రకం. ఒక్కోదానికి ర్యాంకు చీటీ కూడా అంటించాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏమప్పా, దేవుని బల్ల మీద విగ్రహాలు పెడతాండావా? నువ్వే తీస్తావా, నన్ను పారేయమంటావా?” అని లేచాను.

“తాగకుండా గడిపిన నెలకు ఒకటి కొనుక్కున్యానన్నా. ఎక్కువ కష్టమైన నెలకు పై ర్యాంకు. మా నాయన పోయిన నెలది రెండు.”

“మరి ఒకటో ర్యాంకు?”

“బామ్మర్ది పెండ్లి నెలదన్నా. నాయన పోయినప్పుడు ఎవురూ బలవంతం చేయల్య. పెండ్లిలో అందరూ గ్లాసు పట్టుకొని ఎంటబడినారు.”

ముప్పావుగంట ప్రసంగం సిద్ధం చేసుకుని వెళ్లినవాణ్ణి, ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

నెల ముగియడానికి ఇంకా మూడు రోజులున్నాయి. పన్నెండో బొమ్మ కొనలేదు. ఈ సాయంత్రమే స్నేహితులు పార్టీకి పిలిచారట. “నిలబడతానో లేదోనన్నా” అన్నాడు. నేను ఓబులేసు ఇంటికి బయలుదేరుతున్నాను. మీ వీధిలోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. వాక్యం రేపు చెప్పొచ్చు. ఫోను పక్కన పెట్టి, చీకటి పడకముందే వెళ్లి అతని పక్కన కూర్చోండి.