అమ్మ ఎప్పుడు మేస్త్రీ అవుద్ది?

నిన్న టీవీలో ఒక ముసలి అమెరికా నటుణ్ణి చూపించారు. కుర్చీలో కూర్చుని అందరికీ ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెబుతున్నాడు. కింద తెలుగులో వేసిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను: నటుడు, దర్శకుడు. యాభై దాటాక నేర్చిన చదువు నాది. చదవగానే పాత సంగతొకటి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నాకు పదేళ్లప్పుడు ప్రత్తిపాడు దగ్గర చేలో మిరపకాయలు కోస్తుంటే డేరా సినిమా బండి మైకులో అరుచుకుంటూ పోయింది. "గుర్రమెక్కి తుపాకీ పేల్చే హీరోనే ఈసారి సినిమా కూడా తీశాడండీ!"

అంటే ఏంటని అమ్మనడిగాను.

"ఇన్నాళ్లూ ఒకళ్లు చెప్తే చేశాడు. ఇప్పుడు వాడే చెప్తున్నాడు" అంది.

అందరికీ అంతేననుకున్నాను. గట్టు మీద గొడుగేసుకుని నిలబడి కూలీలకి పని చెప్పే మేస్త్రీ దగ్గరికెళ్లి, "మా అమ్మ ఎప్పుడు మేస్త్రీ అవుద్దండీ? మీకంటే బాగా కోసుద్ది" అన్నాను.

"ఏమే కోటమ్మా, నా గొడుగు నీక్కావాలంటనే!" అన్నాడు అమ్మతో. చేను చేనంతా పగలబడి నవ్వింది. నవ్వులు ఆగాక, "రేపట్నుంచి నువ్వు పనికి రామాక" అన్నాడు.

అమ్మ ఆ మిరప ఘాటు చేతులతోనే నా చెంప పగలగొట్టింది. ఆ దెబ్బ మీద నాకు కోపం లేదు. మేస్త్రీ మీద కూడా ఎప్పుడో చల్లారింది. కానీ నవ్వినవాళ్లంతా మాతోపాటు నడుం వంచి కోసేవాళ్లే. వాళ్లని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.