నీలం పట్టిన పెళ్ళిచీర

మా అమ్మ పెళ్ళిచీర ఇప్పుడు నా దగ్గర ఉంది. సన్నటి జరీ అంచున్న తెల్లటి నూలు చీర. తెల్లటి అన్నాను గానీ చూడబోతే నీలం. ఒకచోట ముదురు, ఒకచోట లేత, కుచ్చిళ్ళ దగ్గర రంగు అందని మచ్చలు.

మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది. తర్వాత అది పెట్టెకే పరిమితం. మామూలు రోజుల్లో కట్టుకుని బయటికొస్తే, ఎదురైనవాళ్ళు ఎవరు పోయారని అడుగుతారు.

తొంభైల మొదట్లో వానల్లేక, నాయన పనిచేసే ఆత్మకూరు రైస్ మిల్లు మూతపడింది. ఉదయగిరి నుంచి రోజూ బస్సెక్కి పోయి, దొరికితే మూటలు మోసి, దొరక్కపోతే ఊరికే తిరిగొచ్చేవాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి నాకు పావడా గుడ్డ వచ్చింది. అమ్మకి ఏమీ రాలేదు. ఉన్న చీరలు కుట్లు వేసినవే. ఈసారి చర్చికి రానని చెప్పేసింది.

మర్నాడు నాయన ఆత్మకూరు నుంచి రంగు పొట్లం తెచ్చాడు. నీళ్ళు కాచే అండాలో దాన్ని కలిపి, అమ్మను అడిగి పెళ్ళిచీర తీయించాడు. అమ్మ గడపలో నిలబడి చూస్తూ ఉంది.

"ఉప్పు గూడా వెయ్యాలంట," అన్నాడు నాయన.

"ఎయ్యి. కాస్త చింతపండు గూడా పిసుకు, చారన్నా అవతాది."

చల్లారేదాకా ఆగకుండా చీరను చేతులతోనే తిప్పి పిండాడు. పండగనాటికి చీర ఆరింది గానీ, ఆయన మోచేతుల దాకా ఎక్కిన నీలం పోలేదు. చర్చి ముందర, మిల్లులో ఆయనతో పనిచేసిన స్నేహితుడొకాయన పట్టుకున్నాడు.

"ఏందిరా, కొత్తరంగు మీ ఆమెకా, నీకా?"

నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అమ్మే జవాబిచ్చింది.

"ఏం చెప్పేదన్నా, నా పెళ్ళిని అండాలో ఏసి ఉడకబెట్టినాడు."

అందరూ నవ్వారు. నాయన కూడా, కొంచెం ఆలస్యంగా. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది కూడా ఆ మాటే.

అది మా ఇంట్లో నిలిచిపోయింది. ఉతికినప్పుడల్లా చీర రంగు దిగి, పక్కబట్టలు నీలమయ్యేవి. అమ్మ మళ్ళీ అదే అనేది. "మిల్లు తెరవనీ, తెల్లది కొనిస్తాలే," అనేవాడు నాయన. మిల్లు తెరిచారు. నా కాలేజీ వచ్చింది, అవ్వ కంటి ఆపరేషన్ వచ్చింది. తెల్లచీర వెనక్కిపోతూనే ఉంది.

కొన్నేళ్ళకి ఆయన జబ్బుపడి ఆత్మకూరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కథల పుస్తకం చదువుకుంటున్నాను. నిద్రపోతున్నాడనుకున్నాను.

"పాపా, మీ అమ్మ పెళ్ళిచీర పాడుజేసినాను," అన్నాడు. "ఒక్క పండగ కోసరం."

"పోనీలే నాయనా," అన్నాను. ఆ వారంలోనే పోయాడు.

భూస్థాపన రోజు చర్చి ఆడవాళ్ళు అమ్మకి కొత్త తెల్లచీర తెచ్చి కట్టబెట్టారు. అమ్మ చేతులు చాచి నిలబడింది, వాళ్ళు ఎటు తిప్పితే అటు తిరిగింది.

చాలా రోజుల తర్వాత, బియ్యం ఏరుకుంటున్నప్పుడు నాయన అన్నమాట చెప్పాను. అమ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"పాడుజేసినానని అన్నాడా?"

"ఊఁ."

"ఎగతాళికి అనినాను గదా నేను. ఆ చీర కట్టుకొని నడస్తా ఉంటే ఎంత గొప్పగా ఉన్నిందో నాకు. ఏ మొగుడు ఏస్తాడు పెళ్ళాం చీరకి రంగు? చేతులు కాల్చుకొని."

చేట వైపే చూస్తూ మళ్ళీ అంది. "నువ్వన్నా నాయనకి చెప్పకపోయినావా, అమ్మకి అదంటేనే ఇష్టమని."

"నాకేం తెలుసమ్మా. నాకూ ఆ ఎగతాళే గదా చెప్పినావు."

అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. నీలం చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నీ దగ్గరే పెట్టుకో. నా కళ్ళముందర వద్దు."