ఎముకకి దండం పెట్టిన గోపురం

మా అక్క మొగుడు మూడొందల ఏళ్ల నాటి చర్చిలో గంట కొడతాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గంట కొట్టడం, నేల తుడవడం, చూడ్డానికి వచ్చినవాళ్లకి చరిత్ర చెప్పడం ఆయన ఉద్యోగం. మొదటి రెండూ ఎలాగోలా కానిస్తాడు. మూడోది ప్రాణం పెట్టి చేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని 'అద్భుతం' అని పిలుస్తారు. అది వెటకారమని ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అంతకుముందు గొడుగులు బాగుచేసేవాడు. ఆయన బాగుచేసిన గొడుగు కింద తడవని మనిషి లేడు. తర్వాత ప్రెస్సులో తప్పులు దిద్దే పని దొరికితే, ఉన్నవి వదిలేసి కొత్తవి చేర్చాడు. ఇక ఏ పనికీ పనికిరాడని తేలాక మా అక్క ఫాదర్ గారి కాళ్లావేళ్లా పడి ఈ పని ఇప్పించింది. నోరుంటే చాలు, అక్కడ చేతులతో పనేముంది?

ఆయన వరద కథ వినాలి. మొదట్లో ఆ కథలో నీళ్లు చర్చి గడప దాకా వచ్చి ఆగేవి. కొన్నాళ్లకి వేదిక దాకా వచ్చాయి. ఇప్పుడు మరియమాత స్వరూపం పాదాలు తాకి వెనక్కి వెళుతున్నాయి. ఇంకో పదేళ్లు బతికితే ఆవిడకి ఈత కూడా నేర్పుతాడు. వేదిక ముందు నల్లరాయి మీద మరక దేవమాత కన్నీరట. అది కొవ్వొత్తి మైనం. గోకి తీయడానికి బద్ధకం.

ఇవన్నీ భరించాను. గంట గోపురం జోలికి వచ్చినప్పుడే ఒళ్లు మండేది. నూరేళ్ల కిందట దాన్ని కట్టింది మా ముత్తాత. మాది నాలుగు తరాల తాపీ మేస్త్రీల ఇల్లు. గోపురం పడమటికి కాస్త ఒరిగిన మాట నిజమే. పునాది కింద నేల దిగింది, మేస్త్రీ చేతిలో తప్పు లేదని తాత చెప్పేవాడు, నాన్న చెప్పేవాడు, నేనూ చెబుతాను. మా బావేమో, ఎప్పుడో చనిపోయిన ఓ పునీతుడి వేలి ఎముకని చర్చిలో ఉంచడానికి పెట్టెలో తెచ్చిన రోజు గోపురం తల వంచి దండం పెట్టిందంటాడు. కట్టినవాడి ఊసే ఎత్తడు.

ఈ ఏడు ఫాదర్ గారు చర్చి చరిత్రని రాతి మీద చెక్కించి గోడకి పెట్టిద్దామన్నారు. రాసిచ్చే పని బావకి, చెక్కే పని నాకు. బావ కాగితంలో ఎముక ఉంది, దండం ఉంది, ముత్తాత లేడు. ఆ కాగితం పట్టుకుని, పూజ బట్టలు దాచే గదిలోకి వెళ్లాను. బావ ఒక్కడే కూర్చుని కొవ్వొత్తి ముక్కలు ఏరుతున్నాడు.

"ఈ కోతలు నేను చెక్కను బావా. మా ముత్తాత పేరుండాలి. నేల దిగిందని ఉండాలి. లేదంటే ఫాదర్ గారితోనే తేల్చుకుంటా."

"వద్దులేవోయ్. పేరొక్కటీ వదిలెయ్."

"ఎందుకు వదలాలి? ఆయన నీలాగా నోటితో కట్టలేదు."

ఆయన ఏరడం ఆపాడు. "నేల దిగితే గోపురం ఎక్కణ్ణుంచి ఒరగాలి?"

"అడుగు నుంచి."

"మరి ఇది?"

కిటికీలోంచి గోపురం వైపు చూశాను. ఇది రెండో అంతస్తు నుంచి ఒరిగింది. కింది అంతస్తు నిట్టనిలువుగా ఉంది. పక్కవీధిలో గోడ వీసమెత్తు పక్కకి పోయినా పసిగట్టే కళ్లు నావి. పుట్టినప్పటినుంచీ ఈ గోపురాన్ని చూస్తూ, ఆ సంగతి ఒక్కనాడూ చూడలేదు.

బావ బీరువా అడుగు నుంచి పాత డైరీ తీశాడు. గోపురం కట్టించిన అప్పటి ఫాదర్ రాసుకున్నది. 'గోడ నిలువు చూసే తూకం గుండు రెండో అంతస్తు దగ్గర పోయింది. కొత్తది తెప్పిస్తానంటే మేస్త్రీ తన కన్ను చాలన్నాడు. గోడ ఒరిగింది. వేరే గుండు కట్టి చూపిస్తే ఆ గుండే తప్పన్నాడు. విప్పి కట్టమంటే పని వదిలి పోయాడు. మిగతాది వేరేవాళ్లతో కట్టించాను.'

"చేరిన మొదటి వారమే దొరికింది," అన్నాడు బావ. "మీ అక్క అప్పుడు కడుపుతో ఉంది. మా ముత్తాత కట్టాడని రోజూ దాన్ని చూసి మురిసిపోయేది. ఎవరో వచ్చి ఎందుకు ఒరిగిందని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎదురుగా ఎముక పెట్టె కనబడింది."

నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఇరవై ఏళ్లుగా ఎందుకూ పనికిరానివాడని తీసిపారేసిన మనిషి మా ఇంటి పరువు మోస్తున్నాడంటే కంపరం పుట్టింది. ఆ కంపరం ఆయన మీదో, ముత్తాత మీదో, నా మీదో తేల్చుకోలేకపోయాను.

బావ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెక్కాను.

ఆ రాయి గోడకి బిగిస్తున్న రోజు ఓ కుటుంబం వచ్చింది. బావ ఎముక దగ్గర మొదలుపెట్టి దండం దాకా చెప్పుకొచ్చాడు. వాళ్లలో ఓ ముసలావిడ తల పైకెత్తి చూసింది. "ఇంతకీ దీన్ని కట్టిన మహానుభావుడెవరు నాయనా?" అంది.

బావ మాట తడుముకున్నాడు. ఆయనకి మాట అందకపోవడం నేను చూడ్డం అదే మొదలు. నా వైపు చూశాడు. ఆయన చూపు వెంటే ఆవిడా ఇటు తిరిగింది. నా చేతిలో తాపీ ఉంది. చేతులకి సిమెంటు ఉంది.

"నాకు తెలీదమ్మా," అన్నాను.