పెద్దవీధిలో రిబ్కా బూటు

పాండురంగారావుగారి వీధిలో రిబ్కా బుద్ధెరిగినప్పట్నుంచీ చెప్పులు చేత్తో పట్టుకునే నడిచింది. వేమూరు పక్కన ఆ ఊళ్ళో, లూథరన్ చర్చి చుట్టూ ఉన్న దళితుల పల్లె నుంచి బస్సు రోడ్డుకి వెళ్ళాలంటే అదొక్కటే దారి. పల్లెవాళ్ళు వీధి మొదట్లో చెప్పులు విప్పాలి, చివర్లో తొడుక్కోవాలి. "ఒక్క వీధేగా" అనుకుని ఎండకీ వానకీ ఓర్చుకున్నట్టే దీనికీ ఓర్చుకుంది రిబ్కా. ఊరి పెద్ద పాండురంగారావుగారు గుళ్ళో దేవుడి పాదాలకు వెండి తొడుగు చేయించిన భక్తుడు. దేవుడికి కాళ్ళుంటాయని ఆయనకు తెలుసు. రిబ్కాకి కూడా ఉంటాయని తట్టలేదంతే.

తొంభై ఒకటిలో నాట్లప్పుడు, నారుకట్ట నెత్తిన పెట్టుకుని గట్టుమీద వెళ్తుంటే పీతబొక్కలో పాదం దిగబడి చీలమండ పక్కకి తిరిగిపోయింది. తెనాలిలో డాక్టరు కామేశ్వరరావు ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగులో పట్టి చూపించాడు.

"చూశావామ్మా, పాదంలో ఇరవై ఆరు ఎముకలు. అన్నిటికీ పైన ఉన్న ఈ చిన్నదాన్ని కాలి ఎముకలు రెండూ పట్టకారులా పట్టుకుంటాయి. నీ బరువంతా దీనిమీదే. వీటిని కలిపి కట్టే పట్టీలు తెగాయి నీకు."

"ఇన్ని ముక్కలెందుకండీ? ఒకే ముద్దగా పోత పోస్తే పోయేదిగా!"

"అప్పుడు రోకలిబండలా నడిచేదానివి."

కట్టు విప్పాక, బాపట్లలో బూట్లు కుట్టే సీమోను చేత ఇనుప బద్దల బూటు చేయించాడు. "ఇది లేకుండా కాలు నేలమీద మోపావా, మళ్ళీ తిరుగుతుంది. ఇక కర్రే గతి" అన్నాడు. కర్ర పట్టినదాన్ని నాట్లకెవరు పిలుస్తారు? మొగుడు పోయిన రిబ్కాకి ఆ చీలమండే కూడు.

ఆ బూటుతో రిబ్కా రేపల్లె ప్యాసింజరు రైలు దిగి ఇంటికొస్తుంటే పాండురంగారావుగారు అరుగుమీదే ఉన్నారు.

"ఏమే, కాలికేంటది?"

"బూటండి. విప్పొద్దన్నాడండి డాక్టరు."

"డాక్టరు తెనాల్లో ఉన్నాడు. నేనిక్కడున్నా. విప్పు."

రిబ్కా వీధి మధ్యలో చతికిలబడింది. తీరిగ్గా తాళ్ళు విప్పి, బూటు ఒళ్ళో పెట్టుకుని, కాలు గాల్లోకెత్తి, పిర్రలమీద దేకడం మొదలుపెట్టింది.

"ఏంటే ఈ వేషాలు?"

"కాలు మోపొద్దన్నాడండి. పిర్రలు మోపొద్దనలేదు."

వెనకాల పాండురంగారావుగారి ధాన్యం ట్రాక్టరే వచ్చి ఆగింది. డ్రైవరు బర్నబాసు హారను మోగించాడు. "రిబ్కక్కా, జరుగు!"

"జరుగుతూనే ఉన్నాగదరా, కళ్ళు కనపళ్ళా?"

ట్రాక్టరు వెనక బళ్ళు నిలిచాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బడిపిల్లలు ఆమె ఎక్కడిదాకా వచ్చిందో పందేలు కాశారు. చివరికి ఆయన అల్లుడి కారే ఇరుక్కుపోయి, కూతురు కిటికీలోంచి "నాన్నా, పరువు పోతోంది!" అని అరిచేసరికి పెద్దాయన అరుగు దిగాడు.

"తొడుక్కుని తగలడవే తల్లీ!"

రిబ్కా తొడుక్కుని నడిచి వెళ్ళింది.

అయితే ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క బూటుకే. పల్లెలో మిగతావాళ్ళ చెప్పులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. "నేనూ కాలు విరగ్గొట్టుకోవాలా వదినా?" అని పక్కింటి రాజమ్మ రిబ్కాని అడిగింది.

జవాబు చెప్పాల్సింది మనం. మీ ఊళ్ళో అలాంటి వీధి ఉంటే, వచ్చే ఆదివారం పల్లెవాళ్ళతో కలిసి చెప్పులేసుకుని నడవండి. అది మీ వీధే అయితే ఇంకా తేలిక. అరుగు దిగి, "తొడుక్కునే రండి" అని మీరే పిలవండి.