నాలుగో అంతస్తులో భూకంపం పాఠం

నాగమల్లేశ్వరి మేడం పెళ్లికెళ్లినా, సినిమాకెళ్లినా తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. మంగళగిరి చీరలు అమ్మడానికి భుజ్ వెళ్లిన వాళ్ల అన్నయ్య, అక్కడి భూకంపంలో, తాళం వేసిన లాడ్జి షట్టరు వెనకాల శవమై దొరికాడు. అప్పటినుంచీ ఆవిడ అంతే. విజయవాడలో, రైలు పట్టాల పక్కనే ఉన్న ఓ కార్పొరేట్ స్కూలు నాలుగో అంతస్తులో సోషల్ చెబుతుంది. భూమి పైపొర ఎలా జరుగుతుందో చెప్పేటప్పుడు, కాగే పాల మీద మీగడ చీలినట్టు రెండు అరచేతులూ మెల్లగా విడదీసి చూపిస్తుంది.

మొన్న ఆ పాఠంలోనే "నేల కదిలితే ఏం చేస్తారర్రా?" అని అడిగింది. "సెలవిస్తారు మేడం!" అన్నాడు దేవేంద్ర. క్లాసంతా నవ్వింది. సాయిశ్రీ మాత్రం, "మెట్ల మధ్యలో గేటుకి తాళం వేసుంటది గదా మేడం, ఎటు పోతాం?" అంది. నిజమే. ఫీజులు గుంజేవాళ్లకి పిల్లల ప్రాణం కంటే హాజరు ముఖ్యం. మేడం పిల్లలందర్నీ తీసుకెళ్లి గేటు ముందు మెట్ల మీద కూర్చోబెట్టింది. "తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గరుందండీ, ఆయన పామర్రు వెళ్లారు" అన్నాడు అవతలున్న వాచ్‌మన్. ఫోన్ చేస్తే ఆయన, "ఆ పాఠం పరీక్షలో రాదమ్మా, వదిలెయ్యండి. ఉద్యోగం చెయ్యాలనుందా, లేదా?" అన్నాడు. "ఉందండీ. గేటు తీసేదాకా క్లాసు ఇక్కడే" అంది మేడం.

అంతలో కింద గూడ్సు బండి వచ్చింది. మెట్లు సన్నగా అదిరాయి, గేటు గలగలలాడింది. పిల్లలంతా ఒక్కసారిగా లేచి ఊచలు పట్టుకున్నారు. అది రైలేనని వాళ్లకి తెలుసు, మేడానికీ తెలుసు. బండి దాటిపోయినా ఎవరూ ఊచలు వదల్లేదు.