మోచీలో మా చలిమిడి

మా చిన్నప్పుడు... పెరట్లో రెండు రోకళ్లు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయంటే, ఆ ఇంటి ఆడపిల్ల అత్తారింటికి వెళ్తోందని వీధి మొత్తానికీ తెలిసిపోయేది.

ఆ రోజు వెళ్లేది మా అక్క. రాత్రి నానబోసిన బియ్యం వడకట్టి, అమ్మా పిన్నీ రోట్లో దంచుతున్నారు. జల్లెడ పట్టడం నా పని. తడిపిండి ఆరిపోకుండా అమ్మ గిన్నెలో అదిమి పైన గుడ్డ కప్పేది. బెల్లం పాకంలో ఆ పిండి పడి, యాలకుల వాసన వసారాలోకి వెళ్లిందో లేదో... మంచం మీంచి నాయనమ్మ గొంతు. "నాకేదే?"

నాయనమ్మకి పళ్లు లేవు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. గంజి తాగినా పొలమారేది. నేను జల్లెడ వదిలేసి అమ్మ కొంగు పట్టుకున్నాను. అప్పటినుంచే నేను భయస్తురాలిని...

అమ్మ మాత్రం ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, శనగగింజంత చలిమిడి నేతిలో ముంచి నాలుక మీద పెట్టింది. వీపు మీద చెయ్యి వేసి, మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"మింగారా అత్తయ్యా?"

"మింగాన్లేవే. ఇంకోటి పెట్టు. ఎలాగూ పోయేదాన్ని, చేదు నోటితో పంపుతావా?"

అమ్మ నవ్వి ఇంకోటి పెట్టింది. నాయనమ్మకి ఏమీ కాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మేము అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. మొన్న కొత్త సంవత్సరానికి పక్కింటావిడ ఒక డబ్బా తెచ్చిచ్చింది. ఆవిడ జపాను మనిషి, నాకంటే పెద్దది. అందులో ఉన్నవాటిని మోచీ అంటారట. వాళ్ల గుడిలో అందరూ చేరి, ఉడికించిన జిగురు బియ్యాన్ని చెక్క రోట్లో వేసి పెద్ద సుత్తితో దంచుతారట. ఒకరు కొడుతుంటే, ఇంకొకరు దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతారు. ఫోన్‌లో వీడియో చూపించింది. ఆ చెయ్యి ఎక్కడ నలుగుతుందోనని అది అయ్యేదాకా నాకు ఊపిరాడలేదు.

లోపల ఎర్రగింజల పూర్ణం. పైన మాత్రం మా చలిమిడే. వేలితో నొక్కితే అదే మెత్తదనం.

మా ఆయన కుర్చీలోంచి ఆ డబ్బానే చూస్తున్నారు. పోయినేడు ఆయనకీ పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా వస్తుంది. మింగడం సరిగ్గా రాదు. మంచినీళ్లలో కూడా ఏదో పొడి కలిపి చిక్కగా చేసి పట్టాలని, మింగడం నేర్పే థెరపిస్ట్ చెప్పింది.

"చలిమిడి" అన్నారు. ఎన్నో నెలల తర్వాత అంత స్పష్టంగా వచ్చిన మాట అది. "కొంచెం పెట్టవే..."

పక్కింటావిడకి సంగతి అర్థమైంది. వాళ్లింట్లో ముసలివాళ్లకి కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి పెడతారట. పక్కనే ఉన్న మా మనవరాలు ఆవిడ మాటలు నాకు తెలుగులో చెప్పింది. అయినా ఏటా కొత్త సంవత్సరానికి వాళ్ల దేశంలో ఇది గొంతుకడ్డం పడి పోయేవాళ్లు ఉంటారని కూడా అందట. ఆ రెండో మాట విన్నాక ఇంక నాకేం వినిపిస్తుంది... డబ్బా తీసి లోపల పెట్టేశాను.

మర్నాడు మనవరాలు దుకాణం నుంచి ఇంకో పెట్టె తెచ్చింది. కొత్త రకం మోచీలట. పూర్ణం బదులు లోపల మామిడిపండు ఐస్‌క్రీమ్.

"అమ్మమ్మా, ఇది సాఫ్ట్. తాతయ్యకి ఈజీగా వెళ్లిపోతుంది."

"పైన ఉన్నది అంటుకుంటుందే తల్లీ."

"స్కిన్ తీసేద్దాం."

మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు నుంచే అంది. "ఐస్‌క్రీమ్ కరిగితే నీళ్లే కదా. థెరపిస్ట్ పల్చటివి వద్దంది. అంటుకునేవీ వద్దంది. ప్లీజ్, ఎవరూ ఏమీ పెట్టకండి."

"మరి తాతయ్య ఏం తినాలి మమ్మీ? రోజూ బేబీ ఫుడ్డేనా?"

మా అమ్మాయి మళ్లీ ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చింది. పైన అంటుకునేది, లోపల నీళ్లయ్యేది... కొత్తదైనా పాతదైనా ఆయనకి పడనిదే.

అయినా మనసూరుకోలేదు. మధ్యాహ్నం ఎవరి పనిలో వాళ్లున్నప్పుడు, పై తోలు వలిచేసి, స్పూను చివర కాస్తంత ఐస్‌క్రీమ్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన వెంటనే నోరు తెరిచారు. స్పూను పెదవుల దాకా వెళ్లింది. అంతలోనే పొలమారడం, కళ్లు తేలెయ్యడం, గుమ్మం ముందు ఆంబులెన్సు... అన్నీ కనబడ్డాయి. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

ఆయన కాసేపు నోరు అలాగే తెరుచుకుని ఉన్నారు. తర్వాత మూసుకున్నారు.

మా అమ్మ రోజుల్లో పొడులు లేవు, థెరపిస్టులు లేరు. ఏమవుతుందో తెలియక పెట్టేవాళ్లేమో... ఇప్పుడు మనకి అన్నీ తెలుసు. తెలిసే పెట్టలేకపోతున్నాం.

ఆ రోజు నుంచి ఆయన ఏదీ అడగడం లేదు. పెట్టింది మింగుతారు, అంతే. కాఫీ వాసన వచ్చినా తల తిప్పరు. ఇన్నాళ్లూ ఏం అడుగుతారోనని భయపడేదాన్ని... ఇప్పుడు అడగడం లేదని భయంగా ఉంది.

మీ ఇళ్లల్లో ఇలా మింగలేని పెద్దవాళ్లు ఉంటే, వాళ్లు నోరు తెరిచి అడిగినప్పుడు మీరేం చేశారో కాస్త రాయండి... ఎవరేం రాసినా చదువుతాను.