నర్సన్న వేలు, నర్సన్న నోరు

మా నర్సన్నకు ఒక్కటే జబ్బు. ఫోన్ మీద వేలు పెడితే నోరు ఆగదు. వేలు ఏం చేస్తోందో నోరు పదిమందికీ వినిపించాల్సిందే.

కోరుట్లలో మా ఇంటర్నెట్ ఆఫీసుకు ఆయనే పెద్ద టెక్నీషియన్. పన్నెండేళ్లు దుబాయిలో సర్వర్ల గదిలో పనిచేసి వచ్చాడు. ల్యాప్‌టాప్ ఇస్తే దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుంటాడు. ఆయనకు ఫోన్‌లో టెర్మినల్ యాప్ చాలు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. అందులో నాలుగు ముక్కల ఆదేశం పంపితే ఎక్కడో కథలాపూర్‌లో స్తంభానికి కట్టిన పెట్టె బుద్ధిగా వింటుంది. అలాంటి మనిషి మా జగిత్యాల బ్రాంచిలో కూడా లేడని మేం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాళ్లం.

కానీ ఆ నోరు.

"రెండు వేళ్లు పెట్టిన. దూరం జరుపుతున్న. అక్షరాలు పెద్దగయినయ్. ఇగ ఒక్క వేలుతోని కిందికి గుంజుతున్న. పాత లైన్లు వస్తున్నయ్. కింది నుంచి మూడో లైను, ఎర్రరు. వేలు అట్లనే అదిమి పట్టిన. లైను దొరికింది. కాపీ."

"ఎవలకు చెప్తున్నవే అన్నా?" అని నేనడిగితే, "వేలుకు. చెప్పకపోతే మరుస్తది," అనేవాడు.

ఒకసారి ఆఫీసు వాళ్లమంతా బస్సులో జగిత్యాల పోతున్నాం. దారిలో ఏదో లైను పడిపోయింది. నర్సన్న ఫోన్ తీశాడు. "ఎడమ దిక్కు అంచుకు వేలు పెట్టిన. మెల్లగ లోపలికి గుంజుతున్న," అన్నాడు. ఆయనకు ఎడమ పక్కన కూర్చున్న పెద్దాయన జేబు గట్టిగా పట్టుకుని లేచి నిలబడ్డాడు.

కండక్టర్ వచ్చాడు. "ఏం గుంజుతున్నవే?"

"ఇంకో తెర," అన్నాడు నర్సన్న తల ఎత్తకుండానే. జగిత్యాల దాకా ఆ పెద్దాయన నిలబడే వచ్చాడు.

సిరిసిల్లలో మా ఆఫీసు అక్షయ్ పెళ్లికి పోయినప్పుడూ అంతే. భోజనాల బంతిలో కూర్చుని ఎడమ చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. "ఇంకింత పెద్దగ చేస్తున్న. ఇంకింత. చాల్తలేదు," అంటుంటే, వడ్డించే ఆయన పాపం అన్నం మీద అన్నం పెడుతూనే ఉన్నాడు. విస్తరి అవతల కూర్చున్న మాకు నర్సన్న కనబడలేదు.

మా ఆఫీసులో కస్టమర్ల ఫోన్లు ఎత్తే అమ్మాయి వనిత. చూపు బాగా తక్కువ. ఫోన్ ముక్కుకు ఆనిస్తే తప్ప చదవలేదు. చేరిన రోజే అందరికీ చెప్పేసింది: "నా కోసమని ఎవలూ పని ఆపద్దు. జాలి చూపెడితే తెల్లారే మానేస్త."

మొన్న ఎండాకాలంలో మా ఓనర్ మధుకర్ సార్ ఫోన్లు ఎత్తడానికి రికార్డింగ్ మిషన్ తెచ్చాడు. "లైన్ పని వచ్చినోళ్లే ఉంటరు. వనితా, నీకు ఇంకో కాడ చూస్త," అన్నాడు. మేమంతా వనిత వైపు తిరిగాం. నర్సన్న ఫోన్ మీది నుంచి వేలు తీసేశాడు.

"ఒక్క లైను నాకియ్యుండ్రి సార్. చేస్తే ఉంచుండ్రి," అంది వనిత.

మర్నాడు పొద్దున్నే వీర్నపల్లి లైను పడిపోయింది. మధుకర్ సార్ వాచీ చూసుకుంటూ ఎదురుగా కూర్చున్నాడు. వనిత టెర్మినల్ తెరిచింది. రెండు వేళ్లతో అక్షరాలు ఎంత పెద్దవి చేసిందంటే, తెర మీద వరుసకు ఐదు పట్టాయి. ఎడమ అంచు నుంచి లాగింది. కిందికి జరిపింది. ఆగింది. అదిమి పట్టింది. ఆ ఎర్రరు లైను కాపీ చేసి, ఇంకో తెరలో ఆదేశానికి అతికించి పంపింది. ఫోన్ ఒక్కసారి కూడా ముక్కు దాకా పోలేదు. తొమ్మిది నిమిషాల్లో వీర్నపల్లి నుంచి ఫోనొచ్చింది, నెట్ వచ్చిందని.

"ఐదక్షరాలతోని ఎట్ల చదివినవ్?" అన్నాడు సార్.

"ఏది యాడుంటదో ఎరుకే సార్. రెండేండ్ల సంది రోజూ వింటున్న."

ఆ రోజు నాకు కలిగినంత గర్వం నా సొంత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

సాయంత్రం నర్సన్న ఇంటికి చాయ్‌కి పోయాను. ఆయన అరుగు మీద ఫోన్‌తో పనిచేస్తున్నాడు. వేళ్లు చకచకా ఆడుతున్నాయి. నోరు మాత్రం మూసుకునే ఉంది.

"వదినా, అన్నకు పానం మంచిగ లేదా? సప్పుడు లేదు," అన్నాను.

"ఇంట్ల ఎప్పుడు గిట్లనే. మనిషి ఉన్నడో లేడో తెల్వది," అంది రాజలక్ష్మి వదిన. ఆఫీసులో ఎంత వాగుతాడో చెబితే ఆమె నమ్మలేదు. "నాతోని గన్ని మాటలు పెండ్లి నాడు గూడ మాట్లాడలే," అంది.

బస్సులో వనిత ఉంది. పెళ్లి బంతిలోనూ ఉంది. నాకు అప్పుడు వెలిగింది.

"అన్నా, గదంత వనిత కోసమేనా?"

నర్సన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గా పిల్లకు చెప్పకు. జాలి అనుకుంటది, మానేస్తది."

నేను చెప్పలేదు. పోయిన వారం ఆయన గొంతు బొంగురుపోయి ఆఫీసుకు వచ్చాడు. పదింటికల్లా వనిత ఒక ఫ్లాస్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"శొంఠి కషాయం," అంది. "తాగు అన్నా. నాకు ఇంకా నేర్సుకునేది ఉన్నది."